అత్తయ్యకో పాటల పెట్టె

పాటలు వినే చిన్న పెట్టె కొనడం కూడా ఒక పనేనా, కొట్టుకెళ్లి ఒకటి తెచ్చుకుంటే అయిపోదా అంటారేమో. మా ఇంట్లో మాత్రం దానికి నెల రోజులు పట్టింది. ఫ్రిజ్ కొన్నప్పుడు గంటలో తేలిపోయింది. అరచేతిలో పట్టే ఈ వస్తువు దగ్గర నలుగురం నాలుగు దారులు పట్టాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ బేరం తగలక మానదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

కొన్నది మా అత్తయ్య కోసం. 2023 దసరా నాటికి ఆవిడకి డెబ్భై ఏడు. రెండు కళ్లలోనూ నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉందని ఒంగోలులో డాక్టరుగారు చెప్పారు. ఈ జబ్బు చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. ఎదురుగా కూర్చుంటే నా ముఖం కనిపిస్తుంది, పక్కనే పెట్టిన మంచినీళ్ల గ్లాసు కనిపించదు. టీవీ ముందు కూర్చోవడం మానేశారు. పేపరు సంగతి సరేసరి. వాడరేవులో మా ఇల్లు సముద్రానికి కాస్త ఎడంగా, చీరాల రోడ్డు వైపు ఉంటుంది. వరండాలో కుర్చీ వేసుకుని, పొద్దున్నే చేపల గంపలతో వెళ్లే ఆడవాళ్ల గొంతులు వింటూ కూర్చునేవారు. పదకొండు దాటాక ఆ సందడీ ఉండదు. ఇక సాయంత్రం దాకా గోడవైపు చూస్తూ కూర్చోవడమే.

"అమ్మకి ఫోన్లో పాటలు పెట్టి ఇవ్వచ్చుగా" అన్నారు మావారు. అదే చేస్తున్నాను మరి, అంతకు ముందు ఆరు నెలల నుంచీ. ఫోన్ అద్దం నున్నగా ఉంటుంది. ఎక్కడ నొక్కాలో వేలికి తెలిసే గుర్తు ఒక్కటీ ఉండదు. ఒక పాట అవగానే ఎవరో అప్పు ఇస్తామని అరుస్తారు, ఇంకెవరో స్థలాలు అమ్ముతామంటారు. అది ఆపాలన్నా అత్తయ్యకి నేను కావాలి. మొదట్లో "అమ్మాయ్, ఇది మార్చమ్మా" అని పిలిచేవారు. తర్వాత పిలవడం మానేశారు. నేను పొయ్యి దగ్గర ఉన్నానని తెలిసి, ఆ అరుపులన్నీ ఓపిగ్గా భరిస్తూ కూర్చునేవారు. పాట వినడానికి కూడా ఒకరి చేయి కావలసి వస్తే, మొహమాటం ఉన్న మనిషి పాటే వద్దనుకుంటుంది. అందుకే పెట్టె ఎవరిదైనా సరే, ఎంత ఖరీదైనా సరే, అత్తయ్య ఎవర్నీ పిలవకుండా తనే పెట్టుకుని తనే ఆపుకోగలగాలి అని ఒక్క షరతు పెట్టాను.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వాడు ఫోన్లోనే, "మాట చెబితే పాట పాడే స్పీకర్లున్నాయమ్మా, నానమ్మ ఏమీ నొక్కక్కర్లేదు" అన్నాడు. నిజమే, చూపు లేనివాళ్లకి అది చాలా మంచి వస్తువు. కానీ దానికి ఇంటర్నెట్ కావాలి, కరెంటు కావాలి. మా ఊళ్లో గాలి కాస్త గట్టిగా వీస్తే ఆ రెండూ ఉండవు. పైగా ప్రతిసారీ దాన్ని పేరు పెట్టి పిలవాలి. ఆ మాట వినగానే అత్తయ్య నవ్వారు. "మీ మామయ్యనే ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు డబ్బాని పిలవమంటావా?" దాంతో ఆ బేరం అక్కడే ముగిసింది.

నరసరావుపేటలో ఉన్న మా ఆడపడుచు చెప్పింది ఇంకొకటి. చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో మంత్రాలూ స్తోత్రాలూ నింపి అమ్ముతారు, ప్లగ్గులో పెడితే రోజంతా పాడుతూ ఉంటుంది. "ఈ వయసులో అమ్మకి ఇంకేం కావాలి వదినా?" అంది. ఆ డబ్బాలో పెద్ద చిక్కేమీ లేదు, ధర కూడా తక్కువే. అయితే లోపల ఏం వేసి ఇచ్చారో అదే వినాలి, మనది చేర్చుకోవడానికి ఉండదు.

తర్వాత అందరం అనుకున్నది కారవాన్. మీలో చాలామంది చూసే ఉంటారు, పాత కాలపు రేడియోలా ముచ్చటగా ఉంటుంది. పూర్వం హెచ్ఎంవీ రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీయే ఇప్పటి సారెగమ. వాళ్లు 2017లో దీన్ని తెచ్చారు. తెలుగుదాంట్లో ఐదు వేల పాటలు ముందే నింపి ఇస్తారు. గుండ్రటి మీట తిప్పితే గాయకుల వారీగా పాటలు వస్తాయి. ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే నేను అదే ఇస్తాను. ఇంటర్నెట్ అక్కర్లేదు, పెట్టగానే పాడుతుంది. కానీ ఐదు వేల పాటల్లో తనకు కావలసిన ఒక్క పాట దగ్గరికి అత్తయ్య ఎలా వెళ్లాలి? ఏది వస్తే అది వినేవాళ్లకి సముద్రమంత ఉంటే బాగుంటుంది. ఫలానా పాటే కావాలనేవాళ్లకి బిందెడు చాలు, కానీ చేయి పెడితే అందాలి.

ఈ సంగతి ఆలోచిస్తుంటే మా అబ్బాయే ఇంకో మాట చెప్పాడు. సోనీ వాళ్ల వాక్‌మన్ 1979లో వచ్చింది. జేబులో పెట్టుకుని, చెయ్యి లోపల పెట్టి, చూడకుండానే మీట నొక్కేవాళ్లు. 2001లో ఐపాడ్ వచ్చినప్పుడు వెయ్యి పాటలు పడతాయని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, అసలు గొప్ప దాని మీద ఉన్న చక్రంలో ఉందట. బొటనవేలితో తిప్పుతూ పోతే వరస కదులుతుంది. 2022లో ఆ ఐపాడ్ తయారీ ఆపేశారు, ఫోన్లే అన్నీ చేస్తున్నాయి కదా అని. అంటే చూడకుండా వాడుకోగలిగిన వస్తువులన్నీ పోయి, చూస్తే తప్ప పని చేయనివి మన చేతికొచ్చాయన్నమాట. చూపున్నవాళ్లకి అది తెలియదు.

చెవిలో పెట్టుకుని వినే అగ్గిపెట్టెంత ప్లేయర్లూ ఉన్నాయి. అవి అత్తయ్య వేళ్లకి మరీ చిన్నవి. పైగా చెవులు మూసుకుంటే గుమ్మంలోకి ఎవరొచ్చిందీ తెలియదు. చూపు తగ్గినవాళ్లకి చెవులే కాపలా.

చివరికి దీపావళికి మా అబ్బాయి వచ్చాక, అత్తయ్యని వెంటబెట్టుకుని చీరాల వెళ్లాం. "ఆవిడెందుకు, ఎండలో శ్రమ" అన్నారు మావారు. చెప్పులు కొనేటప్పుడు కాలు వెంట తీసుకెళ్తాం కదా, ఇదీ అంతే అన్నాను. కొట్లో అబ్బాయి వరసగా ఆరేడు రకాలు బల్ల మీద పెట్టి, రంగుల దీపాలు వెలిగేది ఎక్కువసార్లు చూపించాడు. అత్తయ్య ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టుకుని తడిమారు. కొన్నింటికి మీటలన్నీ ఒకే వరసలో, ఒకే ఆకారంలో ఉన్నాయి, ఏది ఏదో తెలియదు. కొన్నింటికి ఆన్ చేసే మీట వెనక వైపు, గోరుతో లాగాలి. వాటిని పక్కన పెట్టేశారు.

నచ్చింది ఒక నల్లటి పెట్టె. రేడియో ఉంది, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. ముందు వైపు పాత బటన్ ఫోన్లకున్నట్టు ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, కింద సున్నా. కార్డులో పన్నెండో పాట కావాలంటే ఒకటి, రెండు నొక్కితే చాలు. శబ్దం పెంచడానికి పక్కన గుండ్రటి చక్రం, దాన్నే వెనక్కి తిప్పితే టక్కుమని ఆగిపోతుంది. ఆ టక్కు అత్తయ్యకి భలే నచ్చింది. మా మామయ్యగారి రేడియోకి కూడా అలాగే ఉండేదట. మూడుసార్లు తిప్పి, మూడుసార్లు ఆపి, "ఇది నాకొచ్చు" అన్నారు. ఆ మాటతో మా షరతు తీరింది.

కొనేముందు నేను చూసినవి ఇంకొన్ని ఉన్నాయి, చెబుతాను. మాది సముద్రపు ఊరు. గేటు మడతబందులు ఏడాదికోసారి మార్చుకుంటాం. ఉప్పుగాలికి స్పీకరు మీద ఇనుప జల్లెడ ఉంటే తుప్పు పడుతుంది. అందుకని అంతా ప్లాస్టిక్ ఉన్నదే తీసుకున్నాం. బ్యాటరీ ఊడదీసి కొత్తది వేసుకునేలా ఉండాలి. ఛార్జింగ్ పిన్ను ఇంట్లో ఉన్న ఫోన్లలో ఒకదానికైనా కలవాలి, లేకపోతే ఆ వైరు పోయిన రోజున పెట్టె మూలన పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆపి మళ్లీ పెట్టినప్పుడు ఆగిన చోటు నుంచే పాడాలి. పాటలకైతే పరవాలేదు గానీ రెండు గంటల నాటకం వినేవాళ్లకి ప్రతిసారీ మొదటికొస్తే ప్రాణం విసుగెత్తుతుంది. ఇవన్నీ కొట్లోనే పరీక్ష చేసి చూసుకోవచ్చు.

పెట్టె ఇంటికొచ్చింది. అసలు కథ అప్పుడు మొదలైంది. ఇందులో ఏం పాటలు వేయాలి?

"భక్తి పాటలు వేద్దాం, ఘంటసాల భగవద్గీత వేద్దాం" అన్నారు మావారు. అత్తయ్య చటుక్కున, "అది నేను పోయిన రోజున ఎలాగూ పెడతారుగా, ఇప్పట్నుంచీ ఎందుకురా అబ్బాయ్" అన్నారు. అందరం నవ్వాం. మన ఊళ్లలో ఎవరింట్లో నుంచైనా ఆ గీత వినపడితే, ఎవరు పోయారోనని గుమ్మంలోకి వచ్చి చూడటం మీకూ తెలుసు కదా.

"మరి నీకేం కావాలి నానమ్మా?" అని అడిగాడు మా అబ్బాయి.

ఆవిడ మాట్లాడలేదు. తెలియక కాదు. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆవిడని అడిగి ఉండరు. 1963లో పదిహేడేళ్లకి ఈ ఇంటికి వచ్చారు. అప్పుడు రేడియో మామయ్యగారి చేతికందే ఎత్తున గూట్లో ఉండేది. పొద్దున విజయవాడ కేంద్రం భక్తిరంజని, ఆ తర్వాత వార్తలు. మామయ్యగారు పొగాకు కంపెనీకి బయల్దేరుతూ టక్కుమని ఆపేసి వెళ్లేవారు. ఆయన చెడ్డవారేం కాదు. వస్తువు ఆయనది, అంతే. ఆవిడ విన్నదంతా వంటింట్లోంచి, తాలింపు చప్పుడు మధ్య విన్నదే. తర్వాత క్యాసెట్ల టేప్‌రికార్డరు వచ్చింది, అది కొడుకుది. టీవీ వచ్చింది, రిమోటు మనవడిది. అరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఎన్ని పాటలు మోగాయో, వాటిలో ఒక్కటీ ఆవిడ పెట్టింది కాదు.

మూడు రోజులు పట్టింది ఆవిడ చెప్పడానికి. ఒకేసారి చెప్పలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒకటి, పడుకోబోతూ రెండు. మా అబ్బాయి కాగితం మీద రాసుకుంటూ పోయాడు. మొదటి పేరు భానుమతి.

అత్తయ్య పుట్టిల్లు పర్చూరు అవతల నల్లరేగడి పల్లెటూరు. పత్తి, మిరప. చిన్నప్పుడు టూరింగ్ టాకీసుకి ఎడ్లబళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లట. 1951లో వచ్చిన మల్లీశ్వరి వాళ్ల ఊరి దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు ఈవిడకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. సాలూరు రాజేశ్వరరావు సంగీతం, కృష్ణశాస్త్రి మాటలు అని మనం ఇప్పుడు చెప్పుకుంటాం గానీ ఆవిడకి తెలిసింది భానుమతి గొంతు ఒక్కటే. "మా ఒంగోలు దగ్గర దొడ్డవరం పిల్ల" అని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లట. ఆ సినిమా పాటలన్నీ పట్టేసి, మిరపకాయల కోతల్లో ఈవిడ పాడుతుంటే చుట్టూ కోసేవాళ్లు పనాపకుండా వినేవాళ్లట. "పాడితే చేతులు తొందరగా కదులుతాయని మా నాన్న ఇంకోటి పాడమనేవాడు" అన్నారు.

మావారికి యాభై ఏడేళ్లు. వాళ్లమ్మ పాడుతుందన్న సంగతి ఆయనకి ఆ రోజే తెలిసింది. "నువ్వు పాడగా మేమెప్పుడూ వినలేదేమ్మా?" అన్నారు. "ఎక్కడ పాడను? మీ తాతగారు వరండాలో కూర్చునేవారు" అన్నారు అత్తయ్య, అదేదో మామూలు విషయంలాగా.

మల్లీశ్వరి, విప్రనారాయణ, బాటసారి. ఆ తర్వాత మిస్సమ్మ, మాయాబజార్లలో లీల. మన రేపల్లె వైపు పుట్టిన జానకి పాటలు పది. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి పాడిన కృష్ణుడి పద్యాలు. పద్యాల దగ్గర మాత్రం "ఇవి మీ మామయ్యకి ఇష్టం. ఆయన లేకపోయినా చెవికి అలవాటైపోయాయి" అన్నారు. మొత్తం తొంభై దాకా తేలాయి. చాలావరకు మా ఇంట్లో పాత సీడీల్లోనే ఉన్నాయి. మా అబ్బాయి వాటిని ఎంపీత్రీలుగా మార్చి కార్డులోకి ఎక్కించాడు. చెవికి పెద్దగా తెలియని ధ్వనులు తీసేసి పాటని పదో వంతుకి కుదించే పద్ధతి అదట. ఒక్క నిమిషం పాటకి ఇంచుమించు ఒక ఎంబీ. అంటే నాలుగు నిమిషాల పాటలు ఎనిమిది జీబీ కార్డులో రెండు వేలు పడతాయి. మా తొంభైకి అందులో మూల కూడా నిండలేదు. ఒక్క జాగ్రత్త చెప్పాడు. ఇలాంటి చిన్న పెట్టెలు చాలావరకు పేర్ల వరసలో కాక, కార్డులోకి ఎక్కించిన వరసలో పాడతాయి. అందుకని ఒక్కొక్క పాటా అంకెల వరసలోనే ఎక్కించాలి. అలాగే చేశాడు.

ఐదో అంకె మీద నేను ఎమ్‌సీల్ చిన్న చుక్క పెట్టాను, ముగ్గు చుక్కంత. వేలికి ఐదు తగిలితే మిగతావి ఎటున్నాయో చెయ్యే చూసుకుంటుంది. ఉప్పుగాలికీ దుమ్ముకీ ఆగేలా పాత జాకెట్టు గుడ్డతో ఒక తొడుగు కుట్టి, అంకెల దగ్గర కిటికీ వదిలాను. అత్తయ్య రోజుకి పది చొప్పున నంబర్లు కంఠస్థం చేశారు. బంధువుల ఫోన్ నంబర్లన్నీ నోటికి వచ్చిన మనిషికి ఇదొక లెక్కా? రెండు వారాల్లో మేమే "అత్తయ్యా, మిస్సమ్మ ఏ నంబరు?" అని అడగడం మొదలుపెట్టాం.

అంతలో డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముందు రోజు నుంచే హోరు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. సముద్రం వైపు ఇళ్లవాళ్లు కొందరు పిల్లలతో మా డాబాలోకి వచ్చారు. ఆ చీకట్లో అందరికీ వార్తలు చెప్పింది అత్తయ్య. ఒళ్లో రేడియో పెట్టుకుని, చక్రం మెల్లగా తిప్పుతూ, గరగరల మధ్య మాట పట్టుకుని "తీరం దాటుతోందట, ఎవరూ బయటికి వెళ్లొద్దంటున్నారు" అని. చీకటి ఆవిడకి కొత్త కాదు కదా, మాలాగా తడుముకోలేదు. వార్తలయ్యాక భయపడుతున్న పిల్లల కోసం మాయాబజార్ పెట్టారు. ఎవర్నీ అడగకుండా, రెండంకెలు నొక్కి.

సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. వరండాలో భానుమతి ప్రేమ పాట మోగుతుంటే కాస్త ఇబ్బంది పడింది. "రోడ్డు మీద అందరికీ వినపడుతోందమ్మా, ఈ వయసులో ఈ పాటలేమిటని నవ్వరూ?" అంది. అత్తయ్య పాట ఆపలేదు. "నవ్వనీయవే. వాళ్లు మాత్రం ఊరికే వినడం లేదూ?" అన్నారు. నిజానికి చేపల గంపలవాళ్లలో ఒకావిడ రోజూ మా గేటు దగ్గర గంప దించి, ఒక పాట అయ్యేదాకా నిలబడి వెళ్తోంది. ఆవిడ పాట నంబరు ఇరవై ఏడు. మా ఆడపడుచు రెండో రోజు మెల్లగా, "అమ్మా, నీకు జానకి పాటలు ఇష్టమని నాకు తెలియదే" అంది. మూడో రోజు తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని వింటున్నారు. స్తోత్రాలు కూడా ఒక పది చేర్చమంది, చేర్చాం. అత్తయ్య వద్దనలేదు. శుక్రవారం పొద్దున అవే పెడతారు, తనే.

పెట్టె వచ్చాక ఆవిడ చూపేమీ మెరుగుపడలేదు. మొన్న పరీక్షలో ఎడమ కన్ను ఇంకొంచెం తగ్గిందన్నారు. మందు చుక్కలు మూడు పూటలూ నేనే వేయాలి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి. రోజంతా ఎన్నో పనులకి ఆవిడ మమ్మల్ని పిలవక తప్పదు. కానీ ఇంట్లో ఒక్క వస్తువుంది, దాని దగ్గర ఎవరి చెయ్యీ అక్కర్లేదు. మీరెవరైనా ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటిది కొనబోతుంటే బ్రాండూ బ్యాటరీ తర్వాత చూద్దురు గానీ, ముందు వాళ్లని కూర్చోబెట్టి ఏం వినాలనుందో అడగండి. వెంటనే చెప్పకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి.

పోయిన వారం అప్పడాల పిండి కలుపుతుంటే అత్తయ్య అడిగారు, "అమ్మాయ్, కార్డులో ఇంకా బోలెడు చోటుందన్నాడుగా వాడు. నీకేం పాటలు కావాలో చెప్పు, నూట ఒకటి నుంచి నీవి వేయిద్దాం" అని. చేతులకి పిండి, గబుక్కున ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం ఒకటి అంటించాను. ఇప్పటికి పదకొండు రాశాను.